నాన్నకు చెప్పాల్సిందే

గుండె డాక్టరు గది బయట తెలుగు కుటుంబాల్లో తరచూ ఒకే తంతు నడుస్తుంది. టూడీ ఎకో రిపోర్టు రాగానే కొడుకో అల్లుడో ముందుగా లోపలికి వెళ్తాడు. "నాన్నగారికి ఏమీ చెప్పకండి సార్, తట్టుకోలేరు" అని బతిమాలుకుని వస్తాడు. ఆ తరవాత పెద్దాయన్ని లోపలికి తీసుకెళ్తారు. "ఏం లేదండీ, కాస్త నీరసం, కాస్త గ్యాసు. మందులు వాడితే తగ్గిపోతుంది" అంటాడు డాక్టరు. ఇంటికి చేరేలోపు అసలు సంగతి అందరికీ తెలిసిపోతుంది. డల్లాస్‌లో ఉన్న కూతురికి తెలుసు, వియ్యాలవారికి తెలుసు, పక్కింటివాళ్లకూ తెలుసు. గుండె పంపింగ్ సగానికి పడిపోయిందని తెలియనిది ఆ గుండెతో బతుకుతున్న మనిషికి మాత్రమే.

ఇలా చేసేవాళ్లు చెడ్డవాళ్లు కారు. తండ్రి కోసం పొలం అమ్మడానికైనా వెనకాడనివాళ్లు, ఆస్పత్రి వరండాలో రాత్రిళ్లు కూర్చుని తెల్లవార్చినవాళ్లు. వాళ్లు చెప్పే కారణాలూ కొట్టిపారేసేవి కావు. గుండె జబ్బు మనిషికి భయం కూడదంటారు. నిజం తెలిస్తే బెంగతోనే సగం చచ్చిపోతాడంటారు. ఇన్నేళ్లు మమ్మల్ని మోసిన మనిషి, ఇప్పుడు ఆయన బరువు మేం మోస్తాం, ఆయన్ని నిశ్చింతగా ఉండనివ్వండంటారు. ఇది మన కుటుంబ పద్ధతి అనీ, రోగి ముఖం మీదే అన్నీ చెప్పేయడం అమెరికా అలవాటనీ కూడా అంటారు. బంధువులు ఒప్పుకుంటారు, చాలామంది డాక్టర్లు కూడా ఒప్పుకుంటారు. అందుకే ఈ మాటకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ.

ఎదురు చెప్పక తప్పదు. ఎందుకంటే ఏ జబ్బు సంగతి దాచినా తప్పే కావచ్చు గానీ, గుండె జబ్బు సంగతి దాస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్ చేసి గడ్డ తీసేస్తే పోయే జబ్బయితే రోగికి తెలిసినా తెలియకపోయినా కత్తి తన పని తాను చేసుకుపోతుంది. గుండె బలహీనపడ్డ మనిషి వైద్యం అలాంటిది కాదు. అది వంటింట్లో జరుగుతుంది, మంచం పక్కనున్న మాత్రల డబ్బా దగ్గర జరుగుతుంది, తెల్లవారగానే బరువు చూసుకునే మిషన్ మీద జరుగుతుంది. డాక్టరు మూడు నెలలకోసారి కనిపిస్తాడు. మిగతా రోజులన్నీ వైద్యుడి పని చేయాల్సింది రోగే.

జబ్బు స్వభావం చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె తన ఎడమ గదిలో నిండిన రక్తంలో 55 నుంచి 70 శాతం దాకా కొట్టుకున్న ప్రతిసారీ బయటికి తోస్తుంది. డాక్టర్లు ఈఎఫ్ అనేది ఈ లెక్కనే. గుండెపోటు వచ్చి కండరం కొంత చచ్చిపోయినా, వాల్వులు పాడైనా, బీపీ ఏళ్ల తరబడి అదుపు తప్పినా ఈ శాతం పడిపోతుంది. 40కి దిగితే, 30కి దిగితే ఒంట్లోకి నీరు చేరడం మొదలవుతుంది. పాదాలు వాస్తాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక మనిషి అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. దీన్నే హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, దాని బలం తగ్గుతుంది.

ఇది మన దేశంలో ఎంత తీవ్రంగా ఉందో కేరళ వైద్యులు లెక్క తీశారు. 2013లో తిరువనంతపురం జిల్లా ఆస్పత్రుల్లో గుండె వైఫల్యంతో చేరిన 1,205 మంది వివరాలు నమోదు చేసి, ఆ తరవాత ఏళ్ల తరబడి వాళ్ల బాగోగులు కనుక్కుంటూ వచ్చారు. వాళ్ల సగటు వయసు 61. పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి రోగుల సగటు వయసు డెబ్బై దాటి ఉంటుంది. అంటే మన దగ్గర ఈ జబ్బు ఇంకా సంపాదిస్తున్న, ఇంకా పిల్లల పెళ్లిళ్లు మిగిలివున్న మనుషులకు వస్తోంది. అయిదేళ్లు తిరిగేసరికి ఆ రోగుల్లో 59 శాతం మంది మరణించారు. గుండె కండరం బలహీనపడ్డవారిలో, వాడాల్సిన మూడు రకాల మందులూ పూర్తిగా రాయించుకుని ఇంటికి వెళ్లినవాళ్లు పాతిక శాతమే. మందులు పూర్తిగా వాడినవాళ్లు ఎక్కువ కాలం బతికారని కూడా ఆ లెక్కలే చెబుతున్నాయి.

ఇంత గంభీరమైన జబ్బును "కాస్త నీరసం" అని చెబితే ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి.

ఉప్పుతోనే మొదలుపెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులకే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే ఒక చెంచాడు. మన భోజనంలో ఆవకాయ, గోంగూర పచ్చడి, మజ్జిగ మిరపకాయలు, అప్పడం, కోస్తా ఇళ్లలో ఎండుచేపలు కలిస్తే ఆ హద్దు ఒక్క పూటకే దాటిపోతుంది. గుండె బలహీనపడ్డ మనిషి ఒంట్లో ఆ ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. తనకు గ్యాసు మాత్రమే ఉందని నమ్మిన పెద్దాయన పచ్చడి జాడీ ఎందుకు వదులుకుంటాడు? కోడలు ఉప్పు తగ్గించి వండితే చప్పగా ఉందని విసుక్కుంటాడు, ఆమె చూడనప్పుడు పైన ఉప్పు చల్లుకుంటాడు. ఇంట్లో రోజూ రుచి గురించి గొడవ. నిజం తెలిసిన కోడలు మాట్లాడలేదు, తెలియని మామగారు అలుగుతారు. నెలాఖరుకు ఆయన ఊపిరితిత్తుల్లో నీరు చేరి మళ్లీ ఐసీయూలో ఉంటాడు.

మాత్రల సంగతి ఇంకా ఘోరం. గుండె బలం తగ్గినవాళ్లకు ఇప్పుడిచ్చే మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్ అనేది ఒకటి. అది మొదట షుగర్ వ్యాధికి వచ్చిన మందు. షుగర్ లేకపోయినా గుండె వైఫల్యంలో ప్రాణం కాపాడుతుందని 2019లో పెద్ద పరిశోధన తేల్చాక డాక్టర్లు విరివిగా రాస్తున్నారు. రోగి మందుల షాపులో అడుగుతాడు, "ఇది దేనికి బాబూ?" అని. "షుగర్‌కండీ" అంటాడు కుర్రాడు. "నాకు షుగర్ లేదుగా" అని ఆయన మానేస్తాడు. బీటా బ్లాకర్ సంగతీ అంతే. అది బీపీ మాత్ర అనుకుంటాడు. బీపీ మామూలుగా ఉందనగానే ఆపేస్తాడు, ఉన్నట్టుండి ఆపడం ప్రమాదమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఒంట్లో నీరు లాగే మాత్ర వేసుకుంటే మాటిమాటికీ బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుంది కనుక పెళ్లికో తిరుపతికో బయల్దేరిన రోజు దాన్ని వదిలేస్తాడు. తెలిసిన మనిషయితే డాక్టరును అడిగి ఆ మాత్ర వేళ మార్చుకుంటాడు. తెలియని మనిషి ఆ పూట మాత్రను కిటికీలోంచి పారేస్తాడు.

మోకాళ్ల నొప్పులు లేని అరవై దాటిన మనిషి మన ఊళ్లలో అరుదు. ఆర్ఎంపీ ఇచ్చే సూదిమందులో, షాపులో చీటీ లేకుండా దొరికే మాత్రలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఉంటాయి. ఇవి ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి గుండె వైఫల్యాన్ని ముదరబెడతాయి. ఈ రోగులు వాటి జోలికి పోకూడదని ప్రతి గుండె డాక్టరుకూ తెలుసు. నీళ్లలో వేయగానే పొంగే గ్యాసు పొడుల్లో సోడియం దండిగా ఉంటుంది. పరామర్శకు వచ్చినవాళ్లు ప్రేమగా తెచ్చే కొబ్బరిబొండాల్లో పొటాషియం ఎక్కువ. ఈ రోగులకిచ్చే స్పైరోనోలాక్టోన్ మాత్ర వాడుతూ, కిడ్నీలు కూడా కొంత దెబ్బతిన్న మనిషికి ఆ పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండె లయే తప్పుతుంది. ఉప్పుకు బదులుగా అమ్మే లో సోడియం ఉప్పుతోనూ ఇదే ముప్పు. వీటిలో ఏ ఒక్కటీ కొడుకు కాపలా కాసి ఆపగలిగేది కాదు. కొడుకు ఆఫీసులో ఉన్నప్పుడు మోకాలు నొప్పి పుడుతుంది. షాపుకు వెళ్లేది పెద్దాయనే, కౌంటరు దగ్గర "నాకు గుండె బలహీనంగా ఉందయ్యా, ఈ మాత్ర పనికొస్తుందా?" అని అడగాల్సిందీ ఆయనే. ఆ ప్రశ్న వేసే అవకాశాన్నే పిల్లలు తీసేశారు.

స్టెంటు వేయించుకున్నవాళ్లకు ఈ దాపరికం మరీ చేటు. రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు నెలల తరబడి, ఎక్కువగా ఏడాదిపాటు వాడాలి. వాటిని మధ్యలో ఆపితే స్టెంటులోనే రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. "చిన్న ట్యూబు పరీక్ష చేశారు నాన్నా, అంతే" అని విన్న మనిషి పన్ను పీకించుకోవడానికి వెళ్తాడు, రక్తం ఆగడం లేదని ఎవరో అనగానే ఆ మాత్రలు ఆపేస్తాడు. వాల్వు మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ మాత్ర వాడేవాళ్లయితే రక్త పరీక్షల తేదీలూ, తినే ఆకుకూరల పరిమాణమూ కూడా గుర్తుంచుకోవాలి. ఏమీ తెలియని మనిషికి ఇవన్నీ అర్థం లేని ఆంక్షలు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది గ్యాసు అనే అబద్ధమే. గుండెపోటు నొప్పికీ ఛాతీలో మంటకూ తేడా తెలియక మన దగ్గర మామూలుగానే గంటలు వృథా అవుతున్నాయి. రక్తనాళం మూసుకుపోయాక గడిచే ప్రతి నిమిషమూ కొంత కండరాన్ని చంపుతుంది. మొదటిసారి వచ్చిన నొప్పిని ఇంటివాళ్లూ డాక్టరూ కలిసి గ్యాసు అని నమ్మించాక, రెండోసారి అదే నొప్పి వస్తే ఆ మనిషి ఏం చేస్తాడు? సోడా తాగి పడుకుంటాడు. 108 అంబులెన్సు సేవ హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలై తెలుగు నేలంతా విస్తరించింది. కానీ ఆ నంబరు నొక్కాల్సిన చెయ్యి అర్ధరాత్రి మంచం మీద ఛాతీ పట్టుకుని కూర్చున్న మనిషిది. తన జబ్బేమిటో తెలియని మనిషి ఎవరికీ ఫోను చేయడు. పిల్లల నిద్ర చెడగొట్టడం ఎందుకులే అనుకుంటాడు.

రోగికి తెలిస్తే నిజంగా మేలు జరుగుతుందా అంటే, దానికి పరిశోధనల సాక్ష్యం ఉంది. 1995లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికాలోని సెయింట్ లూయిస్ వైద్యులు డెబ్బై, ఆపై వయసున్న 282 మంది గుండె వైఫల్య రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు ఒక నర్సు దగ్గరుండి జబ్బేమిటో, ఎందుకొచ్చిందో, ఏ లక్షణం కనిపిస్తే కబురు చేయాలో వివరంగా నేర్పింది. ఏం తినాలో పోషకాహార నిపుణులు చెప్పారు, ఇంటికి వెళ్లాక వచ్చి చూశారు, ఫోన్లు చేశారు. మూడు నెలల్లో గుండె వైఫల్యంతో మళ్లీ ఆస్పత్రిలో చేరిక రెండో జట్టులో 56 శాతం తగ్గింది. వాళ్ల వయసు మన నాన్నల, తాతల వయసే. వాళ్లు నిజం విని కుప్పకూలలేదు. జర్మనీలో పదిహేను వందలకు పైగా రోగులతో జరిగిన ఇంకో పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఒక జట్టు రోగులు రోజూ ఇంట్లో తమ బరువు, బీపీ, ఈసీజీ తామే తీసుకుని ఫోను ద్వారా వైద్య కేంద్రానికి పంపారు. వాళ్లు ఆస్పత్రిలో గడిపిన రోజులు తగ్గాయి, మరణాలూ తగ్గాయి.

ఆ బరువు చూసుకోవడం మన ఇళ్లలోనూ ఎవరైనా చేయగలిగిన పనే. పొద్దున్న లేచి, కాలకృత్యాలు తీరాక, ఏమీ తినకముందు మిషన్ ఎక్కి అంకె రాసిపెట్టుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం, ఆయాసం మొదలుకాకముందే డాక్టరుకు ఫోను చేయాలి. అక్షరాలు రాని అమ్మమ్మ కూడా ఈ పని చేయగలదు. కాకపోతే ఎందుకు చేస్తున్నానో తెలియాలి. తెలియకపోతే నాలుగు రోజులు చేసి అయిదో రోజు మానేస్తుంది.

"తట్టుకోలేరు" అన్న వాదనలో కొంత నిజం ఉంది. దాన్ని దాటవేయకూడదు. మనసుకు తగిలిన దెబ్బ గుండెను తాకుతుంది. జపాన్ వైద్యులు 1990లో టకోత్సుబో అనే స్థితిని వర్ణించారు. పెద్ద దుఃఖమో భయమో కలిగిన వెంటనే గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడుతుంది. ఎక్కువగా వయసు మళ్లిన స్త్రీలలో కనిపిస్తుంది, చాలామంది వారాల్లో కోలుకుంటారు. 2012లో స్వీడన్ పరిశోధకులు అక్కడి జాతీయ రికార్డులు తిరగేసి, క్యాన్సర్ ఉందని తేలిన మొదటి వారంలో గుండె సంబంధ మరణాల ముప్పు ఇతరులతో పోలిస్తే అయిదు రెట్లకు మించి పెరిగిందని చూపించారు. దాచాలనేవాళ్లకు ఇంతకన్నా బలమైన ఆధారం దొరకదు.

కానీ అదే లెక్కను ఇంకాస్త లోతుగా చూడాలి. ఆ వారంలో అలా మరణించినవాళ్లు మొత్తం రోగుల్లో చాలా కొద్దిమంది. వార్త ఎలా చెప్పారు, పక్కన ఎవరున్నారు, చెప్పాక ఎవరు చూసుకున్నారు అన్న ప్రశ్నలను ఆ పరిశోధన మన ముందు పెడుతుంది, దాచమని మాత్రం చెప్పదు. గుండె జబ్బు సంగతి దాచితే వచ్చే ముప్పు కొద్దిమందికి ఒక వారంపాటు ఉండేది కాదు. అది రోజూ ఉంటుంది, బతికినంత కాలమూ ఉంటుంది. పైగా దాపరికం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇంట్లో గుసగుసలు, తను రాగానే మారిపోయే మాటలు, ఉన్నట్టుండి సెలవు పెట్టి అమెరికా నుంచి దిగిన కూతురు, ఎన్నడూ లేనిది కాళ్లకు నమస్కారం పెట్టి వెళ్లిన తమ్ముడు. పెద్దవాళ్లకు ఇవి అర్థం కాకుండా ఉండవు. చివరికి ఏదో ఒక రోజు మందుల షాపులోనో, నోరు జారిన బంధువు వల్లనో, ఎవరి తోడూ లేనప్పుడు ఆ నిజం వాళ్ల మీద పడుతుంది. ఏ దెబ్బ తగలకూడదని దాచారో ఆ దెబ్బ అప్పుడు తగులుతుంది. తన పిల్లలే తనకు అబద్ధం చెప్పారన్న బాధ దానికి తోడవుతుంది.

బెంగ పెట్టుకుంటారన్న భయమూ అర్థం చేసుకోదగ్గదే. గుండె వైఫల్యం ఉన్నవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి డిప్రెషన్ ఉంటుందని అనేక పరిశోధనలు కలిపి చూసినవాళ్లు తేల్చారు. ఆ దిగులుకు మాటలతో, మందులతో వైద్యం ఉంది. అయితే తనకేమీ జబ్బు లేదని నమ్మిన మనిషి తన దిగులు గురించి ఎవరికి చెప్పుకుంటాడు? రాత్రిళ్లు ఊపిరాడక లేచి కూర్చునే మనిషికి ఏదో పెద్ద జబ్బుందని ఒళ్లే చెబుతుంది. ఇంటివాళ్లేమో ఏమీ లేదంటారు. ఆ భయాన్ని ఆయన ఒంటరిగా మోస్తాడు.

తెలుగువాళ్లందరికీ తెలిసిన ఒక జీవితం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అక్కినేని నాగేశ్వరరావుకు 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ జరిగింది. అప్పటికి ఆయన వయసు యాభై. తన గుండె పరిస్థితి ఏమిటో తెలిసిన మనిషిగా ఆ తరవాత దాదాపు నలభై ఏళ్లు బతికారు. తిరిగొచ్చాక హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియో కట్టారు, వరసగా సినిమాలు చేశారు. 1981లో వచ్చిన 'ప్రేమాభిషేకం'లో ఆయన వేసిన పాత్ర తన క్యాన్సర్ సంగతి ప్రేమించిన అమ్మాయి దగ్గర దాచి తానొక్కడే కుమిలిపోతుంది. ఆంధ్ర దేశమంతా ఆ త్యాగానికి కన్నీళ్లు పెట్టుకుంది. నిజజీవితంలో క్యాన్సర్ వచ్చినప్పుడు అదే నటుడు ఏం చేశారు? 2013 అక్టోబరులో, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో, విలేకరులను పిలిచి తనకు క్యాన్సర్ అని తానే ప్రకటించారు. 'మనం' సినిమాకు ఇంటి నుంచే డబ్బింగ్ చెప్పి పూర్తిచేశారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. తనకెంత కాలముందో తెలుసు కనుకనే ఆ కాలాన్ని ఏం చేయాలో ఆయన నిర్ణయించుకోగలిగారు. మన నాన్నలు అంత ధైర్యవంతులు కారని ముందే తీర్పు చెప్పే హక్కు ఎవరికుంది? కరువులు చూసినవాళ్లు, అప్పులు తీర్చినవాళ్లు, కన్నబిడ్డల్ని పోగొట్టుకుని కూడా మళ్లీ నాగలి పట్టినవాళ్లు వాళ్లు.

ఇక ఇది మన సంస్కృతి, చెప్పడం అమెరికా పద్ధతి అన్న మాట. అమెరికాలో అరవై ఏళ్ల కిందట డాక్టర్లు చేసింది కూడా అచ్చంగా ఇదే. 1961లో షికాగోలోని ఒక ఆస్పత్రి వైద్యులను అడిగితే, క్యాన్సర్ రోగికి జబ్బు పేరు చెప్పకపోవడమే మంచిదని 90 శాతం మంది అన్నారు. వాళ్లూ రోగి తట్టుకోలేడనే చెప్పారు. 1979లో అలాంటి ప్రశ్నలే మళ్లీ వేస్తే 97 శాతం మంది చెప్పడమే తమ పద్ధతి అన్నారు. పద్దెనిమిదేళ్లలో అమెరికా వాళ్ల గుండెలు గట్టిపడలేదు. వైద్యం మారింది, రోగులు ప్రశ్నించడం నేర్చుకున్నారు, డాక్టర్లు తమ అలవాటును తామే తప్పుపట్టుకున్నారు. దాపరికం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. డాక్టరు మాటకు ఎదురుండని కాలం అన్నిచోట్లా దాన్ని పుట్టించింది.

మన చట్టమూ దాపరికం వైపు లేదు. భారత వైద్య మండలి 2002 నియమావళి డాక్టరు జబ్బు తీవ్రతను ఎక్కువ చేసీ చెప్పకూడదు, తక్కువ చేసీ చెప్పకూడదు అంటుంది. ఆ నియమం రోగితో పాటు బంధువుల పేరూ ఎత్తుతుంది నిజమే, ఆ సందులోనుంచే మన ఆస్పత్రులు రోగిని పక్కకు తప్పిస్తున్నాయి. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సందును చాలావరకు మూసేసింది. ఢిల్లీలో ఒక మహిళ పరీక్ష కోసం మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లి చేత ఒప్పించుకుని డాక్టరు ఆమె గర్భసంచి తీసేశారు. స్పృహలేని క్షణంలో ప్రాణాపాయం లేనప్పుడు, వయసొచ్చిన మనిషి బదులు తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు తేల్చింది. ఏం చేయబోతున్నారో, ఎందుకో, చేయకపోతే ఏమవుతుందో రోగికే చెప్పాలంది. తల్లి సంతకమే చెల్లనప్పుడు కొడుకు సంతకం మీద నాన్న ఛాతీ తెరవడం ఏ న్యాయం? 2018లో అదే న్యాయస్థానం, కోలుకోలేని స్థితి వస్తే తనకు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. వెంటిలేటర్ వద్దని రాసుకోవాలంటే ఆ రోజు రావచ్చని తెలిసి ఉండాలి కదా.

అమ్మల సంగతి విడిగా చెప్పాలి. నాన్న దగ్గర దాస్తారు, అమ్మ దగ్గరయితే చెప్పే ఆలోచన కూడా చేయరు. దవడ నొప్పి, వెన్నులో నొప్పి, విపరీతమైన అలసట వంటి లక్షణాలతో ఆడవాళ్లకు గుండెపోటు రావచ్చు. అవి చెబితే నరాల బలహీనత అంటారు, పని తప్పించుకోవడానికనే మాట కూడా వినబడుతుంది. రిపోర్టు వచ్చాక భర్త, కొడుకు కూర్చుని నిర్ణయిస్తారు. ఆమె ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడుతుంది, ఎందుకంటే ఆమెకు "ఏమీ లేదు" కనుక.

దాపరికం పిల్లల్నీ నలిపేస్తుంది. వాట్సాప్‌లో నాన్న లేని కుటుంబ గ్రూపు ఒకటి పుడుతుంది. అందులో రిపోర్టులు, అంచనాలు, తిట్లు, ఏడుపులు. విదేశాల్లో ఉన్నవాళ్లకు అపరాధ భావం, దగ్గరున్నవాళ్లకు అలసట. ఏ ఆస్పత్రికి, ఎంత అప్పు, ఆపరేషన్ చేయించాలా వద్దా అన్న నిర్ణయాలన్నీ ఆ గ్రూపులోనే. ఎవరి ప్రాణం గురించి మాట్లాడుతున్నారో ఆయన అభిప్రాయం ఒక్కటే లేదు. రేపు ఏదైనా జరిగితే అన్నదమ్ముల మధ్య ఆ నిర్ణయమే జీవితాంతపు పగ అవుతుంది. నాన్నే "నాకు ఆపరేషన్ వద్దు, మందులతో ఉన్నన్నాళ్లు ఉంటా" అనో, "ఎంతయినా సరే చేయించండి" అనో చెప్పి ఉంటే ఆ తగవు పుట్టేది కాదు.

ఇంటి లెక్కలూ ఉన్నాయి. ఎవరికి ఎంత ఇచ్చాడో, ఎవరి దగ్గర ఎంత తెచ్చాడో, పాస్‌బుక్కులో ఏ సర్వే నంబరు తప్పు పడిందో, బ్యాంకులో నామినీ ఎవరో మన ఊళ్లలో తండ్రి ఒక్కడికే తెలుస్తుంది. ప్రామిసరీ నోటుకు మూడేళ్లే గడువు. ఆలోపు తిరగరాయించుకోకుండా, దావా కూడా వేయకుండా ఉంటే అది చిత్తు కాగితం. తనకు చాలా టైముందని నమ్మించిన మనిషి ఇవేవీ చక్కబెట్టుకోడు. పదేళ్లుగా మాట్లాడని చెల్లెలి గడప కూడా తొక్కడు.

నిజమే, కొందరు తమకు ఏమీ చెప్పొద్దంటారు. "నువ్వు చూసుకో నాయనా, నాకెందుకు" అనే హక్కు వాళ్లకుంది. అది వాళ్ల నోట రావాలి, వాళ్ల తరపున కొడుకు అనకూడదు. "మీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారు?" అని ఒక్క ప్రశ్న ముందుగా అడిగితే చాలు. మతిమరుపు ముదిరినవాళ్ల సంగతి వేరు, అక్కడ ఇంటివాళ్లే అన్నీ చూసుకోవాలి.

చెప్పడమంటే ఈఎఫ్ శాతాలూ అయిదేళ్ల మరణాల లెక్కలూ ముఖాన విసరడం కాదు. ఒకే రోజు అంతా చెప్పనక్కర్లేదు. "గుండె బలం తగ్గింది, పూర్తిగా నయం చేయలేం, కానీ ఈ మందులతో, ఈ జాగ్రత్తలతో చాలాకాలం బాగా ఉండొచ్చు" అన్న మూడు మాటల్లో అబద్ధం లేదు, ఆశా ఉంది. కొత్త మందులు వచ్చాక ఈఎఫ్ మెరుగుపడి మామూలు పనులు చేసుకుంటున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ ఆశను కూడా దాపరికం రోగికి అందనివ్వదు.

డాక్టర్ల బాధ్యత ఇందులో సగం. ఓపీలో ఒక్కో రోగికి దొరికే కొద్ది నిమిషాల్లో కొడుకుతో మాట్లాడితే పని త్వరగా అయిపోతుందన్నది వాళ్ల ఇబ్బంది. అది నిజమైన ఇబ్బందే, అయినా సాకుగా చెల్లదు. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, రోగి చదవలేడు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలైనప్పటి నుంచి లెక్కలేనంత మంది పేదలకు గుండె ఆపరేషన్లు చేయించింది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ వేర్వేరు పేర్లతో ఆ పథకం నడుస్తోంది. దాని కింద ఇంటికి వెళ్లే ప్రతి గుండె రోగి చేతికీ తెలుగులో ఒక పేజీ ఇవ్వాలి. జబ్బేమిటి, ఏ మాత్ర దేనికి, ఏవి వాడకూడదు, బరువు ఎంత పెరిగితే ఎవరికి ఫోను చేయాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఖర్చు కాగితం ఖర్చే.

ఆస్పత్రులు ఆ పని చేసేదాకా ఇంట్లోవాళ్లే చేయాలి. ఈ ఆదివారం తీరిగ్గా నాన్న పక్కన కూర్చోండి, అమ్మ పక్కన కూర్చోండి. మాత్రల డబ్బా తెరిచి ఏది గుండెకో, ఏది నీరు తీయడానికో, ఏది రక్తం గడ్డకట్టకుండానో ఒక్కొక్కటీ చూపించి చెప్పండి. బరువు రాసుకోవడానికి ఒక నోటుబుక్కు, డాక్టరు ఫోను నంబరు వాళ్ల చేతికే ఇవ్వండి. ఆ తరవాత వాళ్లు ఏం అడిగినా నిజమే చెప్పండి.